నట్టలపై పోరాడిన స్క్రియాబిన్

గొర్రెలు, మేకలు మేపేవారికి ఒక సంగతి అనుభవం మీద తెలుసు. కొన్ని జీవాలు ఎంత మేసినా ఒళ్ళు చేయవు. బొచ్చు రాలిపోతుంది. పారుడు పట్టుకుంటుంది. దవడ కింద నీరు దిగి చిన్న సంచిలాగా వేలాడుతుంది. కాపరి అది చూసి కడుపులో నట్టలు పడ్డాయని చెబుతాడు. జంతువుల పేగుల్లో, కార్జంలో, ఊపిరితిత్తుల్లో చేరి, వాటి రక్తమాంసాల మీద బతికే పురుగులనే నట్టలు అంటాం.

గాలికుంటు, గొంతువాపు, దొమ్మ వంటి రోగాలు వస్తే ఊరంతా గగ్గోలు పుడుతుంది. పశువుల డాక్టరు కోసం పరుగెత్తుతాం. నట్టలు వస్తే అటువంటి హడావిడి ఏమీ ఉండదు. పాలు కొంచెం కొంచెంగా తగ్గుతాయి. పుట్టిన పిల్లలు నిలవవు. సంతలో జీవానికి ధర పలకదు. నష్టం ఒక్క రోజున కనిపించదు కాబట్టి దాన్ని ఎవరూ లెక్క కట్టరు.

ఆ లెక్క కట్టవలసిందేనని పట్టుబట్టిన శాస్త్రవేత్త ఒకరు రష్యాలో ఉండేవారు. ఆయన పేరు కాన్‌స్టాంటిన్ ఇవానొవిచ్ స్క్రియాబిన్. జారు చక్రవర్తి కాలంలో మారుమూల తాలూకాలో పశువైద్యుడుగా పని మొదలుపెట్టి, కమ్యూనిస్టు ప్రభుత్వ కాలంలో ఆ దేశంలోని పెద్ద శాస్త్రజ్ఞులలో ఒకరయ్యారు. రష్యాలో ఇదే ఇంటిపేరుతో పేరుమోసిన సంగీతకారుడు ఒకరున్నారు. ఆయన వేరు, ఈయన వేరు. మన స్క్రియాబిన్ జీవితం చదివితే, ఆ దేశంలో పశువుల రోగాలను అరికట్టటానికి ప్రభుత్వం ఎలాంటి ఏర్పాట్లు చేసిందో, ఆ ఏర్పాట్లలో మంచి ఎంతో, చెడు ఎంతో కూడా తెలుస్తుంది.

చదువు, తొలి ఉద్యోగం

స్క్రియాబిన్ 1878 డిసెంబరు 7న సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో పుట్టారు. తండ్రి రైల్వే ఇంజనీరు. రైలుమార్గం ఎక్కడ వేస్తే కుటుంబం అక్కడికి వెళ్ళవలసి వచ్చేది. అందువల్ల ఆయన బడి చదువు సైబీరియాలోని తోమ్‌స్క్ పట్టణంలో సాగింది. తర్వాత యూర్యెవ్‌లోని పశువైద్య సంస్థలో చేరి 1905లో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. యూర్యెవ్ అంటే ఈనాటి ఎస్టోనియా దేశంలోని తార్తు నగరం.

మొదటి ఉద్యోగం చిమ్‌కెంట్‌లో, ఆ తర్వాత ఔలియె-అతాలో. ఈ రెండు పట్టణాలూ ఇప్పుడు కజకిస్తాన్ దక్షిణ భాగంలో ఉన్నాయి. ఔలియె-అతాను ఇప్పుడు తరాజ్ అంటున్నారు. అది గడ్డిమైదానాల దేశం. అక్కడి కజక్, కిర్గిజ్ ప్రజలకు గొర్రె, గుర్రం, ఒంటె ఇవే ఆస్తి. ఎండాకాలం మందలను కొండల మీది పచ్చికకు తోలుకుపోతారు. చలికాలం మళ్ళీ పల్లానికి దింపుతారు. మన కురుమ, గొల్ల కాపరులు మేత కోసం మందలతో వలసపోవటం వంటిదే ఇది. కాకపోతే దూరాలు చాలా ఎక్కువ.

ఒక్క పశువైద్యుడి చేతికింద ఉండే ప్రాంతం మన రెండు మూడు జిల్లాలంత. గుర్రాలకు వచ్చే గ్లాండర్స్, గొర్రెలకు వచ్చే బొబ్బ రోగం, పశువులను ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టే ముసర వ్యాధి, అంటే రిండర్‌పెస్ట్, ఇవన్నీ ఆ రోజుల్లో మామూలు. ఆ కాలంలో పశువైద్య శాఖ హోం మంత్రిత్వ శాఖ కింద ఉండేది. అంటే పోలీసులూ, పశువుల డాక్టర్లూ ఒకే మంత్రి చేతికింద ఉండేవారన్నమాట. అటువంటి డాక్టరు వస్తున్నాడంటే కాపరికి సంతోషం కంటే భయమే ఎక్కువ ఉండటంలో ఆశ్చర్యం లేదు.

స్క్రియాబిన్ తన రోజువారీ పని చేస్తూనే మరో పని మొదలుపెట్టారు. చచ్చిన పశువునూ, కోతకు వచ్చిన పశువునూ కోసి లోపలి అవయవాలు పరీక్షించేవారు. దొరికిన నట్టలను సీసాల్లో భద్రపరిచేవారు. పక్షులను కూడా వదల్లేదు. ఆరేళ్ళలో సీసాలు గుట్టలు పడ్డాయి. అయితే ఏ నట్ట ఏ జాతిదో చెప్పగలవారు చుట్టుపక్కల ఎవరూ లేరు. రష్యాలో ఆనాటికి ఈ శాస్త్రానికి ప్రత్యేకమైన శాఖ కూడా లేదు.

1911లో ఆయన రాజధాని పీటర్స్‌బర్గ్‌కు బదిలీ అయ్యారు. 1912 నుంచి 1914 వరకు విదేశాలలో ఉండి చదువుకునే అవకాశం దొరికింది. జర్మనీలోని కోనిగ్స్‌బర్గ్, స్విట్జర్లాండులోని న్యూషాటెల్, ఫ్రాన్సులో పారిస్ దగ్గరి ఆల్ఫోర్ పశువైద్య పాఠశాల, ఈ మూడు చోట్లా ఆనాటి ప్రసిద్ధ పరాన్నజీవి శాస్త్రవేత్తల దగ్గర పని నేర్చుకున్నారు. పరాన్నజీవి అంటే మరో ప్రాణి మీద ఆధారపడి బతికే ప్రాణి. తుర్కెస్తాన్ నుంచి తెచ్చిన నట్టలకు అక్కడే పేర్లు పెట్టటం మొదలైంది. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది.

కొత్త ప్రభుత్వం, కొత్త ఏర్పాట్లు

1917 రష్యా చరిత్రలో పెద్ద మలుపు. జారు ప్రభుత్వం కూలిపోయింది, ఆ ఏడాది చివర కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చారు. ఆ ఏడే స్క్రియాబిన్ దక్షిణాన డాన్ నది దగ్గర ఉన్న నొవొచెర్కాస్క్ పశువైద్య సంస్థలో ఆచార్యులుగా చేరారు. ఆ దేశంలో పరాన్నజీవి శాస్త్రానికి ప్రత్యేకంగా ఒక ఆచార్య పదవి ఏర్పడటం అదే మొదటిసారి. బయట అంతర్యుద్ధం నడుస్తోంది. ఆ ప్రాంతం ఒక సైన్యం చేతిలోనుంచి మరో సైన్యం చేతిలోకి మారుతోంది. ఆ గందరగోళంలోనే 1919లో ఆయన విద్యార్థులను వెంటపెట్టుకుని డాన్ ప్రాంతంలో తిరిగి నట్టలను సేకరించారు. తర్వాత ఇలాంటి యాత్రలు ఆయన నాయకత్వంలో మూడు వందలకు పైగా జరిగాయి. 1920లో ఆయన మాస్కోకు వచ్చారు.

కొత్త ప్రభుత్వానికి పశువుల రోగాల మీద శ్రద్ధ కలగటానికి బలమైన కారణం ఉంది. ట్రాక్టర్లు లేని దేశం అది. పొలం దున్నాలన్నా, బండి కట్టాలన్నా, సైన్యం కదలాలన్నా గుర్రమే దిక్కు. యుద్ధాల వల్ల గుర్రాలూ పశువులూ ఒక చోటినుంచి మరో చోటికి తరలిపోయి రోగాలను మోసుకుపోయాయి. 1921-22లో భయంకరమైన కరువు వచ్చింది. పశువు పోతే మనిషి కూడా బతకడని కళ్ళారా చూసిన రోజులవి.

పశువైద్యాన్ని పూర్తిగా ప్రభుత్వమే చేతిలోకి తీసుకుంది. హోం శాఖ నుంచి తప్పించి వ్యవసాయ శాఖలో చేర్చారు. పైన కేంద్రంలో ఒక ముఖ్య కార్యాలయం. దాని కింద రాష్ట్రాల్లో, ఆ కింద జిల్లాల్లో అధికారులు. అన్నిటికీ అడుగున కొన్ని ఊళ్ళకు కలిపి ఒక పశువైద్య కేంద్రం. అక్కడ ఒక డాక్టరు, ఆయన కింద ఫెల్షర్లు అనే సహాయకులు ఉండేవారు. మన పశువుల ఆసుపత్రుల్లో వెనకటి కాంపౌండర్లు చేసిన పనిలాంటిదే వారి పని. టీకా మందులూ, సీరములూ తయారు చేయటానికి ప్రభుత్వ కర్మాగారాలు పెట్టారు. రోగం ఏమిటో తేల్చటానికి ప్రయోగశాలలు పెట్టారు. రైలులో పశువులను ఎక్కించాలంటే పరీక్ష జరగాలి. సంతలో మాంసం అమ్మాలంటే పశువైద్యుడి ముద్ర పడాలి. 1936లో ఈ నియమాలన్నిటినీ ఒకచోట చేర్చి పశువైద్య చట్టం తెచ్చారు.

ఒక ఊళ్ళో అంటురోగం బయటపడిందనుకుందాం. వెంటనే పై అధికారికి కబురు వెళ్ళాలి. ఊరిని దిగ్బంధం చేస్తారు. పశువులను బయటికి తోలకూడదు, లోపలికి తేకూడదు. రోగం ఉన్న జీవాలను వేరుచేస్తారు. కొన్ని రోగాలలో చంపి కాల్చేస్తారు. మిగిలినవాటికి టీకాలు వేస్తారు. కొట్టాలను మందునీళ్ళతో కడుగుతారు. చివరి జీవానికి రోగం తగ్గిన తర్వాత నిర్ణయించిన గడువు దాటేదాకా దిగ్బంధం ఎత్తరు.

గ్లాండర్స్ విషయం చూడండి. ఈ రోగం గుర్రం నుంచి మనిషికి కూడా అంటుకుంటుంది. లోపల రోగం ఉన్నా గుర్రం చాలాకాలం పైకి బాగానే కనిపిస్తుంది. అందుకని మాలీన్ అనే మందును గుర్రం కంట్లో చుక్కలుగా వేస్తారు. కన్ను వాచి చీము కారితే రోగం ఉన్నట్లు లెక్క. అటువంటి గుర్రాన్ని, చూపులకు ఎంత బాగున్నా, చంపాల్సిందే. రైతు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా పని జరిగిపోయేది. ఈ పట్టుదల వల్ల ఫలితాలు కూడా వచ్చాయి. సోవియట్ దేశంలో ముసర వ్యాధి 1928లో అంతమైంది. పశువుల ఊపిరితిత్తులకు వచ్చే అంటురోగం 1938లో, గుర్రాల గ్లాండర్స్ 1940 ప్రాంతంలో అంతమయ్యాయి. మన దేశంలో ముసర వ్యాధి నిర్మూలన పథకం 1954లో మొదలైంది. చివరిసారి ఆ రోగం 1995లో తమిళనాడులో కనిపించింది. 2006లో మన దేశానికి ఆ రోగం లేదన్న గుర్తింపు వచ్చింది. 2011లో ప్రపంచమంతటా అంతమైందని ప్రకటించారు.

నట్టల లెక్క

అంటురోగాల పని ఒక దారిన పడింది. నట్టల పని అంత తేలిక కాదు. వాటికి టీకా లేదు. అవి ఎన్ని రకాలో, ఏ ప్రాంతంలో ఏవి ఉన్నాయో కూడా ఎవరికీ తెలియదు. స్క్రియాబిన్ ముందుగా ఆ పని పెట్టుకున్నారు.

ఆయన ఒక పద్ధతి ఏర్పరిచారు. చచ్చిన జంతువును కోసి, ప్రతి అవయవాన్నీ విడివిడిగా పాత్రల్లో వేస్తారు. పేగును నిలువునా చీల్చి, లోపలిదంతా నీళ్ళలో గీకుతారు. కాసేపు కదపకుండా ఉంచితే బరువైనవి అడుగుకు చేరుతాయి. పైనీళ్ళు వంచి మళ్ళీ నీళ్ళు పోస్తారు. నీళ్ళు తేటగా అయ్యేదాకా ఇలా చేసి, అడుగున మిగిలినదాన్ని కొంచెం కొంచెంగా భూతద్దం కింద చూసి, నట్టలను ఒక్కటొక్కటిగా ఏరి లెక్కపెడతారు. మన ఆడవాళ్ళు బియ్యంలో రాళ్ళు గాలించినట్టుగా ఉంటుంది ఈ పని. ఒక్క గొర్రెకు రోజంతా పట్టవచ్చు. ఎంతో ఓపిక కావాలి. అయితే దీనివల్ల ఒక లాభముంది. రెండు ప్రాంతాల్లో ఇద్దరు వేర్వేరు మనుషులు చేసినా లెక్కలు పోల్చి చూడవచ్చు.

యాత్రలు సైబీరియా మంచు నేలలకూ, మధ్య ఆసియా ఎడారులకూ, తూర్పు సముద్ర తీరానికీ వెళ్ళాయి. స్క్రియాబిన్ స్వయంగా 200కు పైగా కొత్త జాతుల నట్టలను గుర్తించి వర్ణించారు. ఆయన మీది గౌరవంతో ఇతర శాస్త్రవేత్తలు ఎన్నో నట్టలకు ఆయన పేరే పెట్టారు. గొర్రెల, మేకల పేగుల్లో ఉండే స్క్రియాబినీమా అనే సన్నని పురుగు అందులో ఒకటి. ఒక పురుగుకు తన పేరు పెడితే మనలో ఎంతమంది సంతోషిస్తారో గాని, ఆ శాస్త్రంలో అది పెద్ద గౌరవం.

ఆయన చేసిన మరో ముఖ్యమైన పని మందు వేసే పద్ధతిని మార్చటం. అంతకుముందు పశువుకు జబ్బు చేస్తే మందు పోసేవారు. నట్టలు పడిపోయేవి. కాని వాటి గుడ్లు పేడతోపాటు మేత మీద పడి, మళ్ళీ అదే పశువు నోట్లోకి వెళ్ళేవి. మందు వేసినవాడే పొలంలో రోగాన్ని విత్తినట్టయ్యేది. 1925లో స్క్రియాబిన్ కొత్త పద్ధతి ప్రతిపాదించారు. మందు వేశాక కొన్ని రోజులు మందను కొట్టంలోనే ఉంచాలి. ఆ రోజుల్లో పడిన పేడనంతా పోగుచేసి, వేడెక్కి గుడ్లు చచ్చేటట్టు కుప్పవేయాలి. తర్వాత మందను శుభ్రమైన బీడుకు తోలాలి. ఒక్క పశువుకు కాదు, మంద మొత్తానికి ఒకేసారి మందు వేయాలి. ఇప్పుడు మన రాష్ట్రాల్లో పశుసంవర్ధక శాఖవారు ఊరి గొర్రెలన్నిటికీ ఒకేసారి సామూహికంగా నట్టల మందు తాగించటం మీరు చూసే ఉంటారు. అందులోని కిటుకు ఇదే. ఒక్క మంద వదిలేసినా దాని పేడ ద్వారా మిగిలిన మందలకు నట్టలు తిరిగి వస్తాయి.

మందు ఎప్పుడు వేయాలన్నది కూడా ఆయన శిష్యులు తేల్చారు. గొర్రెపిల్లల పేగుల్లో పెరిగే బద్దె పురుగును తీసుకోండి. పచ్చిక మీద తిరిగే కంటికి ఆననంత చిన్న పురుగుల ద్వారా అది పిల్ల కడుపులోకి చేరుతుంది. పిల్ల పచ్చిక మేయటం మొదలుపెట్టిన కొన్ని వారాలకు పెద్దదై గుడ్లు పెట్టసాగుతుంది. అది గుడ్లు పెట్టే దశకు రాకముందే మందు వేస్తే బీడు పాడుకాదు. ఇందుకు వాళ్ళు వాడింది ఏమిటో తెలుసా? మైలుతుత్తం. నూరు పాళ్ళ నీటికి ఒక పాలు మైలుతుత్తం కలిపి, పిల్ల బరువును బట్టి కొలిచి తాగించేవారు. ఖరీదు లేని మందు, లక్షల గొర్రెలకు సరిపోయే మందు. కాని కొలత తప్పితే గొర్రె ప్రాణానికే ముప్పు. ఇప్పుడు ఇంతకంటే మంచి మందులు వచ్చాయి కాబట్టి ఎవరూ ఇంట్లో ఇది ప్రయత్నించవద్దు.

చీకటి సంవత్సరాలు

ఇంతవరకు చదివి, ఆ ఏర్పాట్లన్నీ ఎంతో గొప్పగా సాగాయని మీరు అనుకోవచ్చు. అసలు కథ అంత సూటిగా లేదు.

1929 నుంచి ప్రభుత్వం రైతుల భూమినీ పశువులనూ కలిపి సామూహిక క్షేత్రాలు ఏర్పాటు చేయటం మొదలుపెట్టింది. వీటిని కొల్హోజులు అనేవారు. చాలామందిని బలవంతంగా చేర్పించారు. తన పశువును అప్పగించటం ఇష్టంలేని రైతు దాన్ని కోసుకు తిన్నాడు, లేదా వచ్చిన ధరకు అమ్ముకున్నాడు. అప్పగించిన పశువులను సరైన కొట్టాలు, మేత లేకుండా ఒకేచోట గుంపుగా కట్టేశారు. ఆకలి, రోగం రెండూ వాటి మీద పడ్డాయి. దాదాపు ఏడు కోట్లున్న ఆవులూ ఎద్దులూ 1933 నాటికి నాలుగు కోట్లకు లోపయ్యాయి. పదిహేను కోట్ల దగ్గర ఉన్న గొర్రెలు, మేకలు అయిదు కోట్లకు పడిపోయాయి. స్క్రియాబిన్ తొలి ఉద్యోగం చేసిన కజక్ గడ్డిమైదానాల్లో పరిస్థితి మరీ ఘోరం. మందలు పోయాక వాటి మీదే బతికే ప్రజలు తిండిలేక పోయారు. అక్కడ 1930-33 కరువులో పది లక్షలకు పైగా మనుషులు చనిపోయారు. ఏ రోగమూ అంత తక్కువ కాలంలో అన్ని పశువులను చంపలేదు.

పశువులు ఎందుకు చస్తున్నాయన్న ప్రశ్నకు ప్రభుత్వం తన విధానంలో జవాబు వెతకలేదు. తప్పు పశువైద్యుల మీదికి నెట్టింది. 1930 ప్రాంతంలోనే కొందరు పశువైద్యులను, సూక్ష్మజీవి శాస్త్రవేత్తలను అరెస్టు చేశారు. 1937లో, పశుపోషణ శాఖలో ద్రోహులున్నారనీ, వారు కావాలని పశువులకు రోగాలు అంటిస్తున్నారనీ చెప్పి, జిల్లాల్లో బహిరంగ విచారణలు జరపమని స్టాలిన్ ప్రభుత్వం ఆదేశాలిచ్చింది. పశువైద్యులు ఎందరో జైలుకు వెళ్ళారు. కొందరికి మరణశిక్ష పడింది. వీరిలో చాలామంది ఏ తప్పూ చేయలేదని తర్వాతి ప్రభుత్వాలే ఒప్పుకున్నాయి.

ఒక మారుమూల పశువైద్యుడి స్థితి ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. రోగం వచ్చిందని కాగితం మీద రాస్తే, ఎందుకు రానిచ్చావని నేరం మోపుతారు. రాయకపోతే దాచాడని నేరం. రోగాల అదుపు అంతా నిజాన్ని వెంటనే చెప్పటం మీద ఆధారపడి ఉంటుంది. నిజం చెప్పటానికే భయపడే చోట చట్టం ఎంత చక్కగా రాసినా లాభం లేదు.

స్క్రియాబిన్‌కు ఈ ఆపద రాలేదు. 1931లో ఆయన శాఖ పెరిగి అఖిల సోవియట్ నట్టల పరిశోధన సంస్థ అయింది. 1935లో వ్యవసాయ శాస్త్రాల అకాడమీలో, 1939లో దేశ శాస్త్ర అకాడమీలో సభ్యత్వం లభించింది. 1941లో స్టాలిన్ పేరిట ఉన్న బహుమానం అందుకున్నారు. ఆయనకు పదవులూ బహుమానాలూ వచ్చిన కాలమూ, ఆయన వృత్తిలోని మనుషులు జైళ్ళకు వెళ్ళిన కాలమూ ఒక్కటే. ఆయన జీవితం చెప్పేటప్పుడు ఈ సంగతి పక్కన పెట్టటం సరికాదు.

నిర్మూలన ఆలోచన

రెండో ప్రపంచ యుద్ధం ఆయనను మళ్ళీ మధ్య ఆసియాకు చేర్చింది. 1943 నుంచి 1952 వరకు శాస్త్ర అకాడమీ కిర్గిజ్ శాఖకు ఆయన అధ్యక్షులు. ముప్పై ఏళ్ళ కింద సీసాలు పట్టుకుని తిరిగిన కొండలకు ఆ ప్రాంతం దూరం కాదు. కిర్గిజ్ దేశంలో గొర్రెలే ప్రధాన సంపద. యుద్ధకాలంలో మాంసానికీ ఉన్నికీ సైన్యం నుంచి ఎంతో గిరాకీ ఉండేది.

అక్కడ ఉండగా 1944లో ఆయన తన జీవితంలోకెల్లా సాహసమైన ఆలోచన ముందుకు తెచ్చారు. దానికి ఆయన పెట్టిన పేరు దేవాస్తాత్సియా. సమూలంగా నాశనం చేయటమని అర్థం. రోగం వచ్చాక వైద్యం చేయటం, రాకుండా కాచుకోవటం, ఈ రెండూ చాలవని ఆయన వాదం. ఒక నట్టను ఎంచుకుని, అది పశువులో ఉన్నా, మనిషిలో ఉన్నా, నత్తలో ఉన్నా, మట్టిలో గుడ్డుగా ఉన్నా, అన్ని దశల్లోనూ వెంటాడి ఒక ప్రాంతంలో లేకుండా చేయాలన్నారు. మిగిలిన జంతువులను కాపాడాలని శాస్త్రవేత్తలు చెప్పే ఈ రోజుల్లో ఒక ప్రాణి జాతిని పూర్తిగా తుడిచేయాలన్న మాట కఠినంగా వినిపించవచ్చు. పిల్లల కడుపుల్లో పురుగులు చూసిన తల్లులకు అలా అనిపించదు.

ఇది జరిగే పనేనని చెప్పటానికి ఒక ఉదాహరణ అప్పటికే ఉంది. బుఖారా నగరంలో నారికురుపు చాలా ఎక్కువ. ఈ వ్యాధి మన తెలుగు పల్లెల్లో వెనకటి తరం వారికి బాగా తెలుసు. కాలి మీద బొబ్బ లేచి, అందులోంచి మూరెడు పొడవున్న సన్నని పురుగు బయటికి వస్తుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కొంచెం చొప్పున లాగేవారు. బుఖారాలో మంగలివాళ్ళు ఈ పనిలో ఆరితేరినవారు. అక్కడ జనం మెట్లు దిగి కాళ్ళు తడుపుతూ నీళ్ళు ముంచుకునే కుంటలే వ్యాధికి మూలం. లియొనిద్ ఇసాయెవ్ అనే వైద్యుడు 1920లలో ఆ కుంటలను ఎండగట్టించి, పూడికలు తీయించి, రోగులను ఇల్లిల్లూ తిరిగి పట్టుకుని వైద్యం చేయించారు. నగరానికి గొట్టపు నీళ్ళు వచ్చాయి. 1930ల ఆరంభానికల్లా ఆ వ్యాధి అక్కడ లేకుండా పోయింది. మన దేశంలో మెట్ల బావుల విషయంలో ఇదే పని 1980లలో మొదలైంది. ఆంధ్రప్రదేశ్ కూడా ఆ వ్యాధి ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. చివరి రోగి 1996లో రాజస్థాన్‌లో కనిపించాడు. 2000లో మన దేశానికి ఆ వ్యాధి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

నట్టల విషయంలో పశువైద్యులూ, మనుషుల వైద్యులూ కలిసి పనిచేయాలని స్క్రియాబిన్ గట్టిగా నమ్మారు. బద్దె పురుగుల్లో ఒకటి మనిషి పేగులో పెరుగుతుంది. దాని గుడ్లు మలంతో బయటపడి పచ్చిక ద్వారా పశువులోకి, ఆ పశువు మాంసం సరిగా ఉడకకపోతే మళ్ళీ మనిషిలోకి వస్తాయి. పశువుకు మాత్రమే వైద్యం చేస్తే మనిషి దాన్ని మళ్ళీ అంటిస్తాడు. కాబట్టి కాపరికి మందు ఇవ్వాలి, మందల దగ్గర మరుగుదొడ్లు కట్టాలి, కోతశాలలో ప్రతి పశువునూ పరీక్షించాలి. ఒకే ప్రభుత్వం కింద రెండు వైద్య శాఖలూ ఉండటం ఇక్కడ పనికొచ్చింది.

అయినా అనుకున్నదంతా జరగలేదు. కొన్ని నట్టలు చాలా తగ్గాయి. కొన్ని మొండికేశాయి. సైబీరియా నదుల చేపల ద్వారా మనిషి కార్జానికి చేరే జలగ ఇప్పటికీ అక్కడి ప్రజలను బాధిస్తూనే ఉంది. పచ్చి చేప తినే అలవాటు ఆజ్ఞలతో పోలేదు. నత్తల ద్వారా వ్యాపించే పశువుల కార్జపు జలగ కూడా అంతే. మన చెరువుల కింద, వరి పొలాల్లో మేసే పశువులకు వచ్చే జలగ వ్యాధికి దగ్గరి చుట్టమే అది. నత్తలున్న తడి నేలంతా ఎవరు ఎండగట్టగలరు?

చివరి రోజులు

1947 నుంచి ఆయన, ఆయన శిష్యులు కలిసి జంతువుల్లో, మనుషుల్లో ఉండే జలగ జాతి నట్టల మీద పెద్ద గ్రంథం వెలువరించటం ప్రారంభించారు. సంపుటాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తూ, ఆయన పోయాక కూడా కొనసాగాయి. మొత్తంమీద ఆయన రాసిన పుస్తకాలు, వ్యాసాలు 700కు పైమాటే. 1957లో లెనిన్ బహుమానం, 1958లో సోషలిస్టు శ్రమ వీరుడు బిరుదు లభించాయి. 90 ఏళ్ళు నిండాక 1969లో తన శాస్త్ర జీవితం గురించి ఆత్మకథ ప్రచురించారు. కొడుకు గియోర్గి కూడా శాస్త్రవేత్త అయ్యారు. 1972 అక్టోబరు 17న మాస్కోలో, 93వ ఏట స్క్రియాబిన్ కన్నుమూశారు. మాస్కో పశువైద్య అకాడమీకీ, కిర్గిజ్ రాజధాని బిష్కెక్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయానికీ ఆయన పేరు పెట్టారు.

1991లో సోవియట్ యూనియన్ విడిపోయింది. మధ్య ఆసియాలో కొల్హోజులు రద్దయి గొర్రెలు ఇంటింటికీ పంచబడ్డాయి. పశువైద్య కేంద్రాలకు జీతాలూ మందులూ అందలేదు. కోతశాలలు మూతపడ్డాయి. జనం ఇళ్ళ దగ్గరే గొర్రెలను కోసుకుని, పనికిరాని లోపలి భాగాలను కుక్కలకు వేయసాగారు. కుక్కకూ గొర్రెకూ మధ్య తిరిగే ఒక బద్దె పురుగు ఉంది. దాని గుడ్లు కుక్క ద్వారా మనిషికి చేరితే కార్జంలో నీటి తిత్తులు పెరుగుతాయి. శస్త్రచికిత్స చేసి వాటిని తీయాలి. వెనుక కుక్కలకు క్రమంగా మందు వేసేవారు, పాడైన అవయవాలను పూడ్చేవారు. ఆ రెండు పనులూ ఆగిన కొద్ది ఏళ్ళలోనే కిర్గిజ్, కజక్ దేశాల్లో ఈ తిత్తుల కోసం ఆపరేషన్ చేయించుకునేవారి సంఖ్య కొన్ని రెట్లు పెరిగింది. వారిలో కుక్కలతో ఆడుకునే పల్లెటూరి పిల్లలు కూడా చాలామంది ఉన్నారు.